పబ్లిష్ బటన్ ఎవరి చేతిలో ఉండాలి? సీఎంఎస్‌లో అప్రూవల్ వర్క్‌ఫ్లో చిక్కుముడులు

సీఎంఎస్‌లో, అంటే వెబ్‌సైట్‌కు వ్యాసాలు రాసి పబ్లిష్ చేసే సాఫ్ట్‌వేర్‌లో, అప్రూవల్ వర్క్‌ఫ్లో (ఎవరెవరు చూసి ఒప్పుకున్నాక వ్యాసం బయటికి వెళ్లాలనే వరుస) పెట్టాలి అనుకోగానే చాలా టీముల్లో ముందు జరిగేది ఒకటే. ఎవరో ఒకరు బోర్డు మీద గడులు గీస్తారు. రాసేవాళ్లు, సబ్ ఎడిటర్, ఎడిటర్, లీగల్, చివర్లో పబ్లిష్. గడుల మధ్య బాణాలు. చూడటానికి శుభ్రంగా ఉంటుంది, అందరూ తలూపుతారు, ఆ బొమ్మను సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే పని ఒకరికి అప్పగిస్తారు. కొన్నాళ్లు పోయాక చూస్తే సగం వ్యాసాలు వాట్సాప్‌లో "ఓకే, పెట్టేయండి" అన్న మెసేజ్‌తోనే పబ్లిష్ అయిపోతుంటాయి, మిగతా సగం "రివ్యూలో ఉంది" అన్న స్టేటస్‌లో ఎవరి కోసం ఆగాయో ఎవరికీ తెలియకుండా పడి ఉంటాయి.

సాఫ్ట్‌వేర్ మార్చినా ఇది పోదు, ఎందుకంటే ఆ బొమ్మలో గడులు ఉన్నాయి కానీ అసలు ప్రశ్న లేదు. ఎవరు, ఏ వెర్షన్‌ను, ఏ విషయం సరిచూసి "సరే" అన్నారు? ఒక వ్యాసం మీద గొడవ వచ్చిన రోజున ఈ మూడింటికీ వెంటనే జవాబు చెప్పగలిగితే మీ వర్క్‌ఫ్లో పనిచేస్తున్నట్టే, అందులో రెండే మెట్లున్నా సరే. చెప్పలేకపోతే ఏడు మెట్లున్నా అది పనిచేయడం లేదు. నా దృష్టిలో ఈ మూడింట్లో అందరూ వదిలేసేది "ఏ వెర్షన్‌ను" అన్నదే, అందుకే దాని మీద ఎక్కువసేపు ఆగుతాను. దానికంటే ముందు ఒకదానిలో ఒకటి కలిసిపోయిన కొన్ని మాటల్ని విడదీయాలి.

గడి వేరు, బాణం వేరు

వర్క్‌ఫ్లోలో మూడు వేర్వేరు వస్తువులు ఉంటాయి. ఒకటి స్టేటస్, అంటే వ్యాసం ఇప్పుడు ఏ దశలో ఉందో చెప్పేది. రెండోది ట్రాన్సిషన్, అంటే ఒక దశ నుంచి ఇంకో దశకు వెళ్లే కదలిక. మూడోది పర్మిషన్, ఆ కదలికను ఎవరు చేయొచ్చు అనేది. మీటింగుల్లో మాటలన్నీ స్టేటస్‌ల చుట్టూనే తిరుగుతాయి, ఎందుకంటే స్క్రీన్ మీద కనిపించేవి అవే. కానీ అధికారమంతా బాణాల్లో ఉంటుంది. "పెండింగ్" అనే గడి ఉన్నంత మాత్రాన ఏ వ్యాసమూ ఆగదు, పెండింగ్ నుంచి పబ్లిష్‌కు వెళ్లే బాణాన్ని ఎవరు నొక్కగలరు, అసలు డ్రాఫ్ట్ నుంచి నేరుగా పబ్లిష్‌కు వెళ్లే అడ్డదారి బాణం ఎవరి దగ్గరైనా ఉందా అన్నదే ఆపేది.

ఈ విభజన అర్థం కావాలంటే ద్రూపల్ అనే సీఎంఎస్‌ను చూడటం మంచిది. అందులో కంటెంట్ మోడరేషన్ అనే మాడ్యూల్ కోర్‌లోనే, అంటే అసలు సాఫ్ట్‌వేర్‌తో పాటే వస్తుంది, 2018లో వచ్చిన 8.5 వెర్షన్‌తో అది స్టేబుల్ అయింది. దాంతో పాటు వచ్చే ఎడిటోరియల్ వర్క్‌ఫ్లోలో ఉండేవి మూడే స్టేటస్‌లు: డ్రాఫ్ట్, పబ్లిష్డ్, ఆర్కైవ్డ్. పర్మిషన్ల పేజీకి వెళ్తే అక్కడ స్టేటస్‌ల పేర్లకు బదులు ట్రాన్సిషన్ల పేర్లు కనిపిస్తాయి: కొత్త డ్రాఫ్ట్ తయారుచేయడం, పబ్లిష్ చేయడం, ఆర్కైవ్ చేయడం, ఆర్కైవ్ నుంచి వెనక్కి తేవడం. ప్రతి కదలికకూ విడిగా టిక్ పెట్టుకోవాలి. మొదటిసారి చూసినవాళ్లకు ఇది తలనొప్పిగా అనిపిస్తుంది, కానీ అది అడుగుతున్నది సరైన ప్రశ్నే. జూమ్లా అనే ఇంకో సీఎంఎస్‌లో కూడా 2021లో వచ్చిన 4వ వెర్షన్ నుంచి స్టేజీలు, ట్రాన్సిషన్లు అని విడివిడిగానే ఉన్నాయి, కాకపోతే ఆ సదుపాయాన్ని సెట్టింగ్స్‌లో మనమే ఆన్ చేసుకోవాలి.

స్టేటస్‌ల విషయంలో నాకు ఒక గట్టి అభిప్రాయం ఉంది. ఒక స్టేటస్ మారినప్పుడు తర్వాత పనిచేయాల్సిన మనిషి మారాలి, లేదా ఆ వ్యాసంతో చేయగలిగిన పని మారాలి. రెండూ మారకపోతే అది స్టేటస్ కాదు, ట్యాగ్. "ఫొటోలు రావాలి", "హెడ్డింగ్ ఆలోచించాలి", "ఇంకో కోట్ కావాలి" లాంటివన్నీ స్టేటస్‌లుగా పెట్టేస్తారు, దాంతో జాబితా పన్నెండు దాటుతుంది, ఏది ఎప్పుడు మార్చాలో గుర్తుండక రాసేవాళ్లు వ్యాసాన్ని డ్రాఫ్ట్‌లోనే ఉంచేసి చివర్లో ఒక్కసారిగా ముందుకు తోస్తారు. ఇలాంటివి వ్యాసం పక్కన చెక్‌లిస్టుగా ఉంటే చాలు. పేరు పెట్టేటప్పుడు కూడా "ఇన్ ప్రోగ్రెస్" లాంటి పేరు కంటే "డెస్క్ చూడాలి", "రచయిత సరిచేయాలి" లాంటి పేర్లు ఎంతో మేలు. చూడగానే బంతి ఎవరి దగ్గరుందో తెలిసిపోతుంది.

వర్డ్‌ప్రెస్‌లో అందరూ తట్టుకుని పడే చోటు

ఎక్కువమంది వాడేది వర్డ్‌ప్రెస్ కాబట్టి దాని గురించి వివరంగా చెప్పాలి. మామూలు సైట్‌లో అది ఇచ్చే రోల్స్ ఐదు: సబ్‌స్క్రైబర్, కంట్రిబ్యూటర్, ఆథర్, ఎడిటర్, అడ్మినిస్ట్రేటర్. అప్రూవల్‌కు పనికొచ్చే గీత కంట్రిబ్యూటర్‌కూ ఆథర్‌కూ మధ్య ఉంది. కంట్రిబ్యూటర్ రాయగలరు, రివ్యూకు పంపగలరు, పబ్లిష్ చేయలేరు. ఆథర్ తాను రాసింది తానే పబ్లిష్ చేసుకోగలరు. ఎడిటర్ ఎవరిదైనా పబ్లిష్ చేయగలరు. అంటే అప్రూవల్ కావాలంటే రాసేవాళ్లందరినీ కంట్రిబ్యూటర్లుగా ఉంచాలి, అంతే కదా అనిపిస్తుంది.

చిక్కు ఎక్కడంటే, కంట్రిబ్యూటర్‌కు ఫొటోలు అప్‌లోడ్ చేసే పర్మిషన్ ఉండదు. రాసినవాళ్లు రెండు రోజులు ఫొటోలు మెయిల్‌లో పంపిస్తారు, డెస్క్ వాటిని ఎక్కిస్తుంది, మూడో రోజు ఎవరో ఒకరు విసుగొచ్చి "వాళ్లను ఆథర్ చేసేయండి, పోతుంది" అంటారు. ఫొటో సమస్య నిజంగానే తీరిపోతుంది. దాంతో పాటే అప్రూవల్ కూడా పోతుంది, ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోకుండానే. పైకి మాత్రం వర్క్‌ఫ్లో ఉన్నట్టే కనిపిస్తుంది, ఎందుకంటే పద్ధతి తెలిసినవాళ్లు ఇంకా రివ్యూకే పంపుతుంటారు, ఒక రోజు కొత్తగా చేరినవాళ్లు తమకు కనిపించిన పబ్లిష్ బటన్ నొక్కేదాకా.

సరైన దారి వేరే ఉంది. వర్డ్‌ప్రెస్‌లో రోల్ అంటే కొన్ని చిన్న చిన్న అధికారాల మూట మాత్రమే. యూజర్ రోల్ ఎడిటర్, మెంబర్స్ లాంటి ప్లగిన్లతో (విడిగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములతో) కంట్రిబ్యూటర్‌కు ఒక్క అప్‌లోడ్ అధికారాన్ని జోడించవచ్చు, పబ్లిష్ అధికారం జోలికి పోకుండా. ఇంకా మంచిది, కంట్రిబ్యూటర్‌ను అలాగే వదిలేసి "రిపోర్టర్" అనో "రచయిత" అనో మీ సొంత రోల్ ఒకటి చేసుకోండి, ఎందుకంటే ఐదేళ్ల తర్వాత సైట్ చూసుకునే మనిషికి కంట్రిబ్యూటర్ అంటే డిఫాల్ట్ కంట్రిబ్యూటరే అన్న నమ్మకం ఉంటుంది.

ఇంకో రెండు సంగతులు. ఒకటి, కంట్రిబ్యూటర్ వ్యాసాన్ని రివ్యూకు పంపినప్పుడు వర్డ్‌ప్రెస్ తనంతట తాను ఎడిటర్‌కు మెయిల్ పంపదు. ఎడిటర్ డాష్‌బోర్డు తెరిచి పెండింగ్ జాబితా చూడాలి. పబ్లిష్‌ప్రెస్ లాంటి ప్లగిన్‌తో నోటిఫికేషన్ పెట్టుకోకపోతే "పంపాను" అని ఒకరు, "రాలేదు" అని ఇంకొకరు అనుకుంటూ ఉంటారు, ఇద్దరూ నిజమే చెబుతుంటారు. రెండు, వ్యాసం పబ్లిష్ అయ్యాక కంట్రిబ్యూటర్‌కు దాన్ని మార్చే అధికారం పోతుంది. పేరులో తప్పు దొర్లిందని రాసినవాళ్లకే తెలిసినా సరిచేయలేరు. ఇది లోపంలా అనిపిస్తుంది కానీ ఉద్దేశపూర్వకంగా అలా పెట్టిందే, ఎందుకో ఇప్పుడు చూద్దాం.

అప్రూవల్ వ్యాసానిది కాదు, వెర్షన్‌ది

మంగళవారం ఉదయం ఎడిటర్ ఒక వ్యాసం చదివి అప్రూవ్ చేశారు, బుధవారం పబ్లిష్ కావాలి. మధ్యాహ్నం రచయిత దాన్ని తెరిచి ఒక పేరా జోడించారు, ఏ దురుద్దేశమూ లేదు, కొత్త సమాచారం దొరికింది. సిస్టమ్‌లో స్టేటస్ ఇంకా "అప్రూవ్డ్" అనే ఉంది. బుధవారం బయటికి వెళ్లింది ఎవరి ఆమోదంతో?

సంతకం పెట్టించుకున్న కాగితం మీద తర్వాత రెండు లైన్లు చేర్చినట్టే ఇది. ఎడిటర్ చదివింది మంగళవారం ఉదయం ఉన్న అక్షరాల్ని. ఆమె ఒప్పుకున్నది వాటికే. అప్రూవల్‌ను వ్యాసం అనే పెట్టెకు అతికించే సిస్టమ్ ఏదైనా ఇక్కడ దొరికిపోతుంది, అది ఎంత ఖరీదైనదైనా.

సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ఈ సమస్యను ముందే ఎదుర్కొన్నారు. వాళ్లు కలిసి కోడ్ రాసుకునే గిట్‌హబ్‌లో బ్రాంచ్‌కు, అంటే కోడ్‌కు సంబంధించిన ఒక పాయకు, రక్షణ పెట్టేటప్పుడు ఒక ఆప్షన్ ఉంటుంది: అప్రూవల్ వచ్చాక కొత్త మార్పులు తోస్తే పాత అప్రూవల్స్ రద్దవుతాయి. వ్యాసాలకు కావాల్సింది సరిగ్గా ఇదే. సీఎంఎస్‌లలో వ్యాగ్‌టెయిల్ దీన్ని సూటిగా ఎదుర్కొంది. 2020లో వచ్చిన 2.10 వెర్షన్‌తో అందులో వర్క్‌ఫ్లోలు చేరాయి, ఒక్కో వర్క్‌ఫ్లో అంటే వరుసగా జరిగే టాస్కులు. మధ్యలో ఎడిట్ జరిగితే ఇంతకుముందు ఓకే చెప్పిన టాస్కులన్నీ మళ్లీ ఓకే చెప్పాలా వద్దా అనేదానికి విడిగా ఒక సెట్టింగ్ ఉంది. రెండు రకాలకూ కారణాలున్నాయి. పైవాళ్లు కిందివాళ్ల పనిని సరిదిద్దుతూ ముందుకు పంపే చోట ప్రతి చిన్న దిద్దుబాటుకూ మొదటికి వెళ్లడం వృథా. లీగల్ వాళ్లు ఒక వాక్యాన్ని పదం పదం చూసి ఒప్పుకున్న చోట మాత్రం, ఆ తర్వాత కామా మారినా వాళ్లకు తెలియాలి. ఏది కావాలో మీరు తేల్చుకోవాలి, కనీసం ఆ ప్రశ్న ఒకటుందని మీ టీమ్‌లో అందరికీ తెలిసి ఉండాలి.

వెర్షన్ గొడవ ఇంకా పెద్దదిగా కనిపించేది పబ్లిష్ అయిన తర్వాత. చాలామంది గీసే బొమ్మ పబ్లిష్ గడి దగ్గర ఆగిపోతుంది. నిజ జీవితంలో ఒక వ్యాసం ఎక్కువ కాలం గడిపేది ఆ గడిలోనే, ఎక్కువ మార్పులు జరిగేదీ అక్కడే కావచ్చు: తేదీ సవరణ, ఫీజు మార్పు, కొత్త లింకు, పాఠకులు చూపించిన తప్పు. వర్డ్‌ప్రెస్ కోర్‌లో పబ్లిష్ అయిన పోస్టును తెరిచి మార్చి అప్‌డేట్ నొక్కితే ఆ క్షణమే బయటికి వెళ్లిపోతుంది. పాత వెర్షన్ రివిజన్లలో భద్రంగా ఉంటుంది, వెనక్కి వెళ్లొచ్చు, అది నిజమే, కానీ "లైవ్‌లో పాతది ఉండగా పక్కన కొత్తది రివ్యూలో" అనే ఏర్పాటు కోర్‌లో లేదు. కంట్రిబ్యూటర్‌కు పబ్లిష్ అయినవాటి మీద అధికారం లేకుండా చేసింది ఇందుకే, ఇస్తే అప్రూవల్ మొత్తం వెనుక గుమ్మం నుంచి వెళ్లిపోతుంది: మంచి వ్యాసం ఒకటి అప్రూవ్ చేయించుకుని, తర్వాత లోపల ఏం కావాలంటే అది పెట్టుకోవచ్చు. ఈ ఖాళీని పూరించడానికి పబ్లిష్‌ప్రెస్ రివిజన్స్ లాంటి ప్లగిన్లు ఉన్నాయి, రోజూ పాత పేజీల్ని సవరించే సైట్ అయితే ఇలాంటిది లేకుండా అప్రూవల్ వర్క్‌ఫ్లో ఉందని చెప్పుకోవడం కష్టం.

ద్రూపల్‌లో పబ్లిష్ అయిన పేజీని తెరిచి "డ్రాఫ్ట్"గా సేవ్ చేస్తే లైవ్‌లో పాతదే ఉంటుంది, కొత్తది పక్కన అప్రూవల్ కోసం ఆగుతుంది. అయితే పేజీకి సంబంధించినదంతా వెర్షన్‌లో ఉంటుందనుకోకండి. యూఆర్ఎల్ లాంటివి పేజీ వెర్షన్‌తో పాటు నడవవు, అందుకే పెండింగ్ డ్రాఫ్ట్‌లో దాన్ని మార్చబోతే ద్రూపల్ అడ్డుచెప్పి, పబ్లిష్ అయిన వెర్షన్‌లో మాత్రమే మార్చమంటుంది. మీరు వాడే సీఎంఎస్ ఏదైనా సరే ఈ ప్రశ్న అడగండి: హెడ్డింగ్, కవర్ ఫొటో, కేటగిరీ, యూఆర్ఎల్, సెర్చ్‌లో కనిపించే వివరణ, వీటిలో ఏవి వెర్షన్‌తో పాటు ఆగుతాయి, ఏవి మార్చగానే బయటికి వెళ్లిపోతాయి?

అందరికీ కనిపించే పెద్ద ఉదాహరణ జర్మన్ వికీపీడియా. 2008 నుంచి అక్కడ కొత్తవాళ్లు చేసే మార్పులు అనుభవమున్న వాడుకరి ఒకరు చూసి గుర్తు పెట్టేదాకా, లాగిన్ లేని పాఠకులకు అంతకుముందు పరిశీలించిన వెర్షనే కనిపిస్తుంది. ఎవరైనా ఎడిట్ చేయొచ్చు అనే సూత్రాన్ని వదలకుండానే, బయటికి చూపించే వెర్షన్ ఏది అనే నిర్ణయాన్ని విడదీశారు. రాయడం ఒక చర్య, చూపించడం ఇంకో చర్య. అప్రూవల్ అంటే ఆ రెంటి మధ్య ఉండే ఖాళీ మాత్రమే.

ప్రతి గేటుకూ ఒకే ప్రశ్న

ఇప్పుడు "దేని కోసం చూశారు" అనే సంగతి. ముగ్గురు రివ్యూ చేసే వ్యాసంలో ప్రతి ఒక్కరూ మిగతా ఇద్దరూ చూసుకుంటారులే అనుకోవడం మనుషుల స్వభావం. సబ్ ఎడిటర్ "నిజానిజాలు ఎడిటర్ చూస్తారు" అనుకుంటారు, ఎడిటర్ "ఇది డెస్క్ దాటి వచ్చింది కదా" అనుకుంటారు. చూసిన కళ్లు పెరిగే కొద్దీ చూడని మూలలు పెరుగుతాయి. దీనికి నాకు తెలిసిన మందు ఒక్కటే: ప్రతి అప్రూవల్ బటన్ పక్కన ఆ మనిషి ఏ ప్రశ్నకు జవాబిస్తున్నారో ఒక వాక్యంలో రాసి పెట్టడం. "పేర్లు, తేదీలు, అంకెలు మూలంతో సరిపోల్చాను." "ఎవరి మీదైనా ఆరోపణ ఉంటే వాళ్ల వివరణ తీసుకున్నాం." "ఫొటో వాడుకునే హక్కు మనకుంది." ఇలా రాయడానికి కూర్చుంటే కొన్ని గేట్లకు ప్రశ్నే దొరకదు. ఆ గేట్లు తీసేయండి, ఎవరికైనా మనసు నొచ్చుకుంటుందని ఉంచకండి. పెద్దవాళ్లకు విషయం తెలియాలి అన్నదే కారణమైతే వాళ్లకు నోటిఫికేషన్ చాలు, బటన్ అక్కర్లేదు.

అన్ని వ్యాసాలకూ ఒకే దారి పెట్టకండి. ఈవెంట్ తేదీ ప్రకటనకూ, ఒక సంస్థ మీద పరిశోధన కథనానికీ ఒకే నాలుగు మెట్లు అంటే మొదటిది నీరసించిపోతుంది, రెండోదానికి అవి చాలవు. ద్రూపల్‌లో కంటెంట్ రకాన్ని బట్టి వేర్వేరు వర్క్‌ఫ్లోలు తగిలించవచ్చు, వ్యాగ్‌టెయిల్‌లో సైట్‌లోని ఏ కొమ్మకు పెడితే దాని కింది పేజీలన్నిటికీ అది వర్తిస్తుంది, మధ్యలో వేరేది పెడితే అక్కడి నుంచి అది. మెట్లు వరుసగా ఉండాలా, పక్కపక్కన సాగాలా అన్నదీ ఆలోచించాల్సిందే. లీగల్, ఫొటో డెస్క్ ఒకదాని మీద ఒకటి ఆధారపడవు, ఒకరి తర్వాత ఒకరు చూడాల్సిన పనిలేదు, ఒక్కొక్కరు పూట చొప్పున తీసుకున్నా నాలుగు మెట్లకు రెండు రోజులు పోతాయి.

తిప్పి పంపడం గురించి. అప్రూవ్ బటన్ మీద పెట్టే శ్రద్ధలో సగం కూడా దీని మీద ఎవరూ పెట్టరు, రాసేవాళ్లకు వర్క్‌ఫ్లో అంటే అసహ్యం పుట్టేది మాత్రం ఇక్కడే. కారణం రాయకుండా తిప్పి పంపే వీలు సిస్టమ్‌లో ఉండకూడదు, కామెంట్ తప్పనిసరి చేయండి. తిప్పి పంపింది ఎక్కడికి వెళ్లాలో కూడా తేల్చుకోవాలి. లీగల్ వాళ్లు ఒక వాక్యం మార్చమంటే వ్యాసం మొదటి మెట్టుకు పోయి మళ్లీ డెస్క్, ఎడిటర్ చుట్టూ తిరగాలా, సరిచేశాక నేరుగా లీగల్‌కే రావాలా? చిన్న మార్పులకు రెండోదే న్యాయం. ఎడిటరే సరిదిద్ది ముందుకు పంపితే ఏం మారిందో రాసినవాళ్లకు చూపించండి, రివిజన్ల మధ్య తేడా చూపించే స్క్రీన్ చాలా సీఎంఎస్‌లలో ఉంటుంది, ఆ లింకు నోటిఫికేషన్‌లో పెట్టడం పెద్ద పని కాదు. కింద పేరు రాసినవాళ్లది. తమ పేరుతో ఏం వెళ్తోందో తెలుసుకునే హక్కు వాళ్లకుంది.

ఇంకొకటి చాలామంది అనుకునేదానికి విరుద్ధంగా ఉంటుంది. తాను రాసింది తానే అప్రూవ్ చేసుకోకూడదు అనే నియమం మామూలు సెటప్‌లో ఉండదు. వర్డ్‌ప్రెస్‌లో ఎడిటర్ రోల్ ఉన్నవాళ్లు తాము రాసింది నేరుగా పబ్లిష్ చేయగలరు, ద్రూపల్‌లో పబ్లిష్ ట్రాన్సిషన్ ఉన్నవాళ్లూ అంతే. రెండో కన్ను తప్పనిసరి కావాలంటే అది విడిగా కోడ్ రాసో ప్లగిన్‌తోనో పెట్టాలి. లేదా టీమ్ మాటమీద నిలబడాలి, అలాంటప్పుడు లాగ్‌ను, అంటే ఎవరు ఎప్పుడు ఏం చేశారో సిస్టమ్ రాసుకునే చిట్టాను, అప్పుడప్పుడు చూసేవాళ్లు ఒకరుండాలి.

రాత్రి పదకొండు గంటల సమస్య

అత్యవసరంగా ఒకటి పెట్టాలి, అప్రూవ్ చేయాల్సినవాళ్లు విమానంలో ఉన్నారు. దీనికి అధికారికంగా దారి లేకపోతే అనధికారికంగా ఒకటి పుడుతుంది, అది మామూలుగా అడ్మిన్ పాస్‌వర్డ్‌ను నలుగురు పంచుకోవడం రూపంలో ఉంటుంది, అప్పటి నుంచి లాగ్‌లో ఉన్న పేర్లకు అర్థం ఉండదు. కాబట్టి దారి మీరే వేయండి. ప్రతి గేటుకూ ఒక మనిషి పేరు కాకుండా ఒక గ్రూపు ఉండాలి, అందులో కనీసం ఇద్దరు. ఇంతసేపు ఎవరూ తాకకపోతే ఎవరికి గుర్తుచేయాలో ముందే రాసి ఉండాలి. అందరినీ దాటి పబ్లిష్ చేసే "అత్యవసర" బాణం ఒకటి ఇద్దరు ముగ్గురి దగ్గర ఉండాలి, అది వాడినప్పుడు కారణం రాయాలి, మర్నాడు ఆ వ్యాసం తప్పనిసరిగా మామూలు రివ్యూ జాబితాలోకి రావాలి.

పెట్టడం గురించి ఇంత ఆలోచించి తీసేయడం గురించి మర్చిపోతారు. 2018 జనవరి 13న హవాయిలో క్షిపణి వస్తోందంటూ ప్రజల ఫోన్లకు పొరపాటున అత్యవసర హెచ్చరిక వెళ్లింది. అది తప్పని చెబుతూ అదే దారిలో రెండో హెచ్చరిక వెళ్లడానికి 38 నిమిషాలు పట్టింది. ఆ తర్వాత అలాంటి హెచ్చరికకు ఇద్దరు మనుషులు ఒప్పుకోవాలనే నియమం పెట్టారు. అందరూ గుర్తుంచుకునేది ఆ ఇద్దరి నియమాన్నే, నాకు మాత్రం ఆ 38 నిమిషాలే ఎక్కువ ముఖ్యం అనిపిస్తాయి. మీ సైట్‌లో తప్పుడు వ్యాసం ఒకటి బయటికి వెళ్తే దాన్ని దించే అధికారం ఎవరికుంది? పబ్లిష్‌కు నాలుగు సంతకాలు అవసరమైనా దించడానికి ఒకటే చాలాలి, అది షిఫ్ట్‌లో ఉన్నవాళ్ల దగ్గరే ఉండాలి. పబ్లిష్ అయిన క్షణంలోనే న్యూస్‌లెటర్, యాప్ నోటిఫికేషన్, సోషల్ మీడియా పోస్టు వాటంతటవే వెళ్లిపోయేలా పెట్టి ఉంటే, వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నా అవి వెనక్కి రావు. వాటికి పది నిమిషాల ఆలస్యం పెట్టుకోవడం చవకైన భద్రత.

డ్రాఫ్ట్ అంటే దాగి ఉన్నట్టు కాదు

2003లో సీఎన్ఎన్ ముందుగా సిద్ధం చేసి పెట్టుకున్న ప్రముఖుల మరణ వార్తల పేజీలు పాస్‌వర్డ్ లేని చోట ఉండటంతో బయటివాళ్లకు దొరికాయి. అప్పటికి బతికి ఉన్నవాళ్లవి. అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు డిక్ చెనీ పేజీలో బ్రిటన్ రాజమాత పేజీ కోసం రాసిన మాటలు అలాగే ఉండిపోయాయి, ఎందుకంటే పాత పేజీని కాపీ చేసి వాడుకున్నారు. 2020 నవంబరులో ఫ్రెంచ్ రేడియో ఆర్ఎఫ్ఐ వెబ్‌సైట్ కొత్త సీఎంఎస్‌కు మారుతున్న సమయంలో సుమారు వంద మంది ప్రముఖుల మరణ వార్తలు ఒకేసారి పబ్లిష్ అయిపోయాయి. పీలే, రెండో ఎలిజబెత్ రాణి, జిమ్మీ కార్టర్ అందులో ఉన్నారు. సంస్థ క్షమాపణ చెప్పుకుంది.

ఇలాంటివి చూశాక, సీఎంఎస్ మార్చేటప్పుడు స్టేటస్‌ల పట్టికను కంటెంట్ కంటే ముందు సరిచూడాలని నా అభిప్రాయం. పాత సిస్టమ్‌లో మీరు కల్పించుకున్న "హోల్డ్" అనే స్టేటస్ కొత్తదానికి తెలియదు. తెలియని స్టేటస్ కనిపిస్తే ఏం చేయాలి అన్నదానికి జవాబు ఎప్పుడూ "డ్రాఫ్ట్" కావాలి. అలాగే ఫొటోల సంగతి: వర్డ్‌ప్రెస్‌లో వ్యాసం డ్రాఫ్ట్‌లో ఉన్నా, దాని కోసం అప్‌లోడ్ చేసిన ఫైల్‌కు అప్పుడే బయటి చిరునామా వచ్చేస్తుంది, ఆ చిరునామా తెలిసినవాళ్లెవరైనా తెరవగలరు. ఫలానా రోజుదాకా బయటపెట్టకూడని డాక్యుమెంట్‌ను ముందుగా మీడియా లైబ్రరీలో పెట్టకండి.

షెడ్యూల్ చేయడాన్ని కూడా పబ్లిష్ కిందే లెక్కవేయాలి, అప్రూవల్ దాటాకే అది జరగాలి. వర్డ్‌ప్రెస్ షెడ్యూల్ మామూలుగా సైట్‌కు ఎవరైనా వచ్చినప్పుడే కదులుతుంది, రద్దీ లేని సైట్లలో చెప్పిన సమయానికి పోస్టు వెళ్లకపోవడం అందుకే. సమయం ముఖ్యమైతే సర్వర్‌లో అసలైన క్రాన్ (చెప్పిన సమయానికి పని నడిపే ఏర్పాటు) పెట్టించుకోండి.

మొదలుపెట్టేటప్పుడు

గడులు గీయకండి ముందు. గత నెలలో పబ్లిష్ అయిన పది పదిహేను వ్యాసాలు తీసుకుని, ప్రతి ఒక్కటీ నిజంగా ఎవరి చేతుల మీదుగా వెళ్లిందో, ఎక్కడ ఎంతసేపు ఆగిందో, ఎవరు ఏం పట్టుకున్నారో రాసుకోండి. జరుగుతున్నదాన్ని సిస్టమ్‌లో పెట్టడం తేలిక, జరగాలనుకున్నదాన్ని పెడితే జనం దాన్ని తప్పించుకునే దారులు వెతుకుతారు. మొదట ఒక్క గేటుతో, ఒక్క విభాగంలో నడపండి. రెండో గేటు కావాలని ఎవరైనా అడిగితే, అది ఉంటే ఆగిపోయేది అనదగ్గ తప్పు ఒకటి చూపించమనండి.

తర్వాత పరీక్ష. అడ్మిన్ ఖాతాతో పరీక్షించడం వల్ల ఉపయోగం లేదు, అడ్మిన్‌కు అన్ని బాణాలూ తెరిచే ఉంటాయి. ప్రతి రోల్‌కూ ఒక ఉత్తుత్తి ఖాతా చేసి, ఆ ఖాతాతో చేయకూడని పనులన్నీ చేయడానికి గట్టిగా ప్రయత్నించండి: రివ్యూలో ఉన్నదాన్ని మార్చడం, అప్రూవ్ అయ్యాక మార్చడం, పబ్లిష్ అయినదాన్ని మార్చడం, తేదీ వెనక్కి జరపడం, జాబితా పేజీలోని క్విక్ ఎడిట్ నుంచి స్టేటస్ మార్చడం, మొబైల్ యాప్ నుంచి పంపడం. బయటి టూల్స్ సీఎంఎస్‌లోకి రాయడానికి వాడుకునే ఖాతాలకు ఏ రోల్ ఇచ్చారో కూడా చూడండి, చాలాచోట్ల వాటికి అడ్మిన్ రోల్ ఇచ్చేసి ఉంటుంది, అప్పుడు మీరు కట్టిన గేట్లేవీ వాటికి వర్తించవు. ఆ ఖాతాకు పబ్లిష్ అధికారం తీసేసి డ్రాఫ్ట్ మాత్రమే పెట్టనిస్తే ఆ టూల్ ఇంకా పనిచేస్తుందా అని చూడండి, చాలావాటికి అంతకంటే ఎక్కువ అక్కర్లేదు.